ఎనిమిదింటికే దీపాలార్పితే...

"మీ అత్తయ్యగారు రాత్రిళ్ళు బొత్తిగా నిద్రపోవడం లేదండీ. మందు రాయించమంటారా?"

వృద్ధాశ్రమం నుంచి మేట్రన్‌గారి ఫోను. ఇక్కడ పొయ్యిమీద పప్పు పొంగుతోంది. గుమ్మంలో కూరగాయలబ్బాయి చిల్లర కోసం నిలబడ్డాడు. "అలాగేనండీ, రాయించండి" అని ఫోను పెట్టేశాను. అర నిమిషం కూడా పట్టలేదు. ఎవరి నిద్ర గురించి, ఎవరి తరఫున 'అలాగే' అనేశానో నాకు తెలిసొచ్చేసరికి మాత్రం వారం గడిచింది.

మా మేనత్తకి ఎనభై రెండేళ్ళు. పిల్లలు లేరు. మామయ్య పోయాక పదేళ్ళు పల్లెలో ఒక్కతే కాలక్షేపం చేసింది. మోకాళ్ళు మొరాయించాక, ఎవరింట్లోనూ చేరి ఒకరికి బరువు కానని పట్టుబట్టి, తనే వెతుక్కుని మా ఊళ్ళో ఉన్న వృద్ధాశ్రమంలో చేరింది. చెప్పుకోవాలి, శుభ్రమైన చోటే. దుప్పట్లు తెల్లగా ఉంటాయి, మజ్జిగ పల్చగా ఉంటుంది, అందరూ "అమ్మా" అనే పిలుస్తారు.

ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి పగలు పదిన్నరయింది. అత్తయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన స్టూలు మీద ఇడ్లీలు ఎండిపోయి ఉన్నాయి. నాలుగుసార్లు పిలిస్తే కళ్ళు తెరిచి, "ఏమ్మా, సందె దీపం పెట్టేశావా?" అంది.

నాకు గుండె జారిపోయింది. చిన్నప్పుడు నాకు వడ్డీ లెక్కలు నోటితో చెప్పిన మనిషి! పాలవాడి పద్దు, చాకలి పద్దు, పక్కింటావిడ చేబదులు, అన్నీ వేళ్ళమీద ఉంచుకున్న మనిషి!

"మందు వేసుకున్నాక రాత్రి నిద్ర పట్టిందా అత్తయ్యా?" అనడిగాను.

"నిద్ర పట్టకేం, పట్టింది. వదలడమే లేదు" అంది. తర్వాత కొంచెం తెప్పరిల్లి, "అసలు నాకు నిద్ర పట్టక కాదే అమ్మాయ్, పొద్దు పోక" అంది.

ఆ మాట పట్టుకుని నేను ఇంటికొచ్చాను. మన ఆడవాళ్ళకి ఒక అలవాటుంది కదా, మనసు బాగులేకపోతే అలమార సర్దుతాం. నేను పుస్తకాలు ముందేసుకున్నాను. నిద్ర చరిత్ర, ముసలివాళ్ళ ఇళ్ళ చరిత్ర, రెండూ చదువుతూపోతే చివరికి రెండూ ఒకే మంచం దగ్గర కలిశాయి. ఆ కథే మీకు చెబుదామని.

ముందు ఒక చిన్న లెక్క. మా అత్తయ్య పల్లెలో ఉన్నన్నాళ్ళూ నాలుగో జామున, అంటే తెల్లవారగట్ల నాలుగింటికి లేచేది. వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గేసి, తులసికోట చుట్టూ తిరిగేసరికి తూర్పు తెల్లబడేది. మధ్యాహ్నం వసారాలో చాపమీద అరగంట నడుం వాల్చేది. మళ్ళీ ఎండలో వడియాలు, మిరపకాయలు, చింతపండు. రాత్రి తొమ్మిదిన్నర దాకా అరుగుమీద ఊరి కబుర్లు. పడుకోవడం పది. అంటే ఆరుగంటల నిద్ర, మధ్యాహ్నం ఒక కునుకు.

ఇప్పుడున్న చోట సాయంత్రం ఆరున్నరకల్లా భోజనాలు. ఎనిమిదింటికి దీపాలు ఆర్పేస్తారు. ఎందుకంటే పగటి ఆయాల డ్యూటీ ఎనిమిదితో సరి. రాత్రంతా ముప్ఫైమందికి ఒక్క ఆయమ్మ. ఆవిడ మటుకు ఏం చేస్తుంది పాపం! అందరూ మంచాలమీద ఉంటే ఆవిడకి నిశ్చింత.

మరి ఎనిమిదింటికి పడుకున్న మనిషి ఆరుగంటలు నిద్రపోతే ఎన్నింటికి లేస్తుంది? రాత్రి రెండింటికి. రెండింటికి లేచిన ముసలావిడ ఏం చేస్తుంది? కూర్చుంటుంది, లేస్తుంది, కర్ర టకటకలాడించుకుంటూ తిరుగుతుంది. పక్క మంచం ఆవిడ విసుక్కుంటుంది. పొద్దున్నే రిపోర్టులో 'రాత్రి నిద్ర లేదు' అని రాస్తారు. ఇందులో జబ్బెక్కడుందో మీరే చెప్పండి.

ఈ ఎనిమిది గంటల ముచ్చట కొత్తదేం కాదు. ఇంగ్లండులో 1834లో బీదల చట్టాన్ని మార్చారు. దిక్కులేని వాళ్ళని 'వర్క్‌హౌస్' అనే పెద్ద పెద్ద కట్టడాల్లో చేర్చారు. పనిచేయగలవాళ్ళూ, పసివాళ్ళూ, రోగులూ, ముసలివాళ్ళూ అందరికీ అవే నాలుగు గోడలు. మరుసటి సంవత్సరం అధికారులు వాటికో దినచర్య అచ్చువేశారు. పొద్దున గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి, గంట కొడితే పనిలోకి పోవాలి. సాయంత్రం ఆరింటి నుంచి ఏడింటి మధ్య రాత్రి తిండి. ఎనిమిదింటికి పడక! నూట తొంభై ఏళ్ళయింది. మా అత్తయ్య ఆశ్రమం వాళ్ళు ఆ కాగితం చూసి ఉండరు. అయినా ఆ వేళే ఎందుకు కుదిరిందంటారా? కొద్దిమంది ఎక్కువమందిని చూసుకోవలసిన ప్రతి చోటా గడియారం చూసుకునేవాళ్ళ చేతిలోనే ఉంటుంది, పడుకునేవాళ్ళ చేతిలో ఉండదు.

అలాగని ముసలివాళ్ళ ఇళ్ళన్నీ గంట మోతతోనే మొదలయ్యాయనుకోకండి. 1839 చలికాలంలో, ఫ్రాన్సు దేశంలో, బ్రిటనీ సీమలోని సాన్-సెర్వాఁ అనే ఊళ్ళో, జాన్ జుగాఁ అని ఒక పనిమనిషి ఉండేది. పేరు మగపేరులా వినిపిస్తుంది గాని ఆడమనిషే సుమండీ. వయసు నలభై ఏడు. చూపు పోయి, ఒళ్ళు స్వాధీనం తప్పి, చూసేవాళ్ళు లేని ఒక ముసలమ్మని తన గదికి మోసుకొచ్చింది. ఉన్నది ఒకటే మంచం. దానిమీద ఆవిణ్ణి పడుకోబెట్టి, తను అటకమీద గదిలోకి వెళ్ళి పడుకుంది. తర్వాత ఇంకో ముసలమ్మ, మరో ముసలమ్మ. అలా పెరిగి పెరిగి అది 'లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్' అనే సన్యాసినుల సంఘమయింది. 1882లో కలకత్తాకి వచ్చారు వాళ్ళు. తర్వాత మన సికింద్రాబాదుకీ వచ్చారు. ఒకరికోసం ఇంకొకరు మంచం ఖాళీ చేయడంతో మొదలైన కథ అది. ముసలివాళ్ళ ఇంటికి ఇలాంటి పుట్టుక కూడా ఉంది.

ఇక ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు మీకు తెలియంది కాదు. ఆవిడ 1859లో రోగుల సేవ గురించి చిన్న పుస్తకం అచ్చువేసింది. గాలి తర్వాత రోగికి అన్నిటికన్నా కావలసింది వెలుతురేనని అందులో గట్టిగా చెప్పింది. అదీ అలాంటిలాంటి వెలుతురు కాదట, సూర్యుడి వెలుతురే కావాలట. రోగులు ఎప్పుడూ కిటికీ వైపే మొహం తిప్పుకుని పడుకుంటారని గమనించింది. తొలి నిద్రలో ఉన్న రోగిని లేపితే ఆ రాత్రికి ఇక నిద్ర రానట్టేనని హెచ్చరించింది. లెక్కలూ పటాలూ వేసి మంత్రుల్ని ఒప్పించిన మనిషి. కాని ఎండకీ నిద్రకీ ఉన్న చుట్టరికాన్ని శాస్త్రం పట్టుకోవడానికి ఆవిడ తర్వాత మరో నూటపాతికేళ్ళు పట్టింది.

ఆ చుట్టరికం కథ మన పెరటి చెట్టు దగ్గరే మొదలవుతుంది. చింతచెట్టు చీకటి పడగానే ఆకులు ముడుచుకుంటుంది, తెల్లవారితే విప్పుకుంటుంది. ఈ సంగతి మనకి కొత్తేం కాదు. అలెగ్జాండరు నౌకాదళంలో ఆండ్రోస్తెనీస్ అనే అధికారి ఈనాటి బహ్రెయిన్ దీవిలో ఇలాంటి చెట్టునే చూశాడు. అది చింతచెట్టేనని పండితుల అభిప్రాయం. చెట్టు నిద్రపోతుందని అక్కడి జనం చెప్పుకుంటారని గ్రీకు గ్రంథాల్లోకి ఎక్కింది. రెండువేల మూడువందల ఏళ్ళ కిందటి మాట.

తర్వాత 1729లో ఫ్రాన్సులో ద మేరాఁ అనే శాస్త్రవేత్త మన అత్తిపత్తి లాంటి మొక్కనొకదాన్ని తీసుకెళ్ళి చీకట్లో పెట్టాడు. పొద్దు ఎప్పుడు పొడిచిందో దానికెలా తెలుస్తుంది? అయినా అది పగటివేళకి ఆకులు విప్పి, రాత్రివేళకి ముడిచిందట! అంటే గడియారం బయట ఆకాశంలోనే కాదు, మొక్క లోపల కూడా ఉంది.

మనిషి లోపల మాటేమిటి? 1938లో షికాగో విశ్వవిద్యాలయంలో నెథానియెల్ క్లైట్‌మన్ అనే ఆచార్యుడు తన శిష్యుడు బ్రూస్ రిచర్డ్‌సన్‌ని వెంటబెట్టుకుని, కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహలో దిగాడు. ఎండా వెన్నెలా చొరబడని పాతాళం. పురుగూ పుట్రా పాకకుండా మంచం కోళ్ళు డబ్బాల్లో దింపుకున్నారట. మనం చీమలు పట్టకుండా పాల గిన్నెని నీళ్ళపళ్ళెంలో పెట్టినట్టు! అక్కడ 32 రోజులున్నారు. రోజుకి 24 గంటలు కాకుండా 28 గంటలని పెట్టుకుని, ఆ ప్రకారం తిని, ఆ ప్రకారం పడుకున్నారు. ఇరవైల్లో ఉన్న శిష్యుడి ఒళ్ళు వారంలో కొత్త రోజుకి అలవాటుపడింది. నలభై మూడేళ్ళ గురువుగారి ఒళ్ళు మాత్రం ససేమిరా అంది. నెలయినా పాత 24 గంటలే పట్టుకుని వేళ్ళాడింది. ఇద్దరితో చేసిన పరీక్షని పట్టుకుని లోకానికంతా సూత్రం కట్టకూడదనుకోండి. కాని నలభై మూడేళ్ళకే మొండికేసిన గడియారం ఎనభై రెండేళ్ళకి ఆయా డ్యూటీ వేళలకి తగ్గట్టు తిరుగుతుందా? నాకు తోచిన ప్రశ్న ఇది. అన్నట్టు ఆ క్లైట్‌మన్‌గారు 104 ఏళ్ళు బతికి 1999లో పోయారు.

ఆ గడియారం ఒంట్లో ఎక్కడుందో 1972లో తెలిసింది. అమెరికాలో రెండు బృందాలు, ఎలుకల మీద పనిచేస్తూ, విడివిడిగా ఒకే చోటు చూపించాయి. రెండు కళ్ళనుంచి వచ్చే నరాలు మెదడు అడుగున కలుసుకునే చోట, సరిగ్గా వాటి పైన, బియ్యపుగింజంత కూడా లేని కణాల గుంపు. అది కంటి పక్కనే ఎందుకుందో తెలిసిందిగా? రోజూ ఎండ చూసి వేళ సరిచేసుకోవడానికి. మన గోడ గడియారాన్ని రేడియో గంటలు విని సరిపెట్టేవాళ్ళం చూడండి, అలాగ.

ఎంత వెలుతురు కావాలన్నది తర్వాతి ప్రశ్న. 1980లో ఆల్‌ఫ్రెడ్ లూయీ అనే ఆయన బృందం తేల్చింది. చీకటి పడ్డాక మన ఒంట్లో మెలటోనిన్ అనే పదార్థం ఊరుతుంది. రాత్రయిందని ఒళ్ళంతటికీ చాటింపు వేసేది అదే. మామూలు ఇంటి దీపం వేస్తే ఆ చాటింపు ఆగలేదు. 2500 లక్సుల గట్టి వెలుతురు చూపిస్తేనే ఆగింది. లక్సు అంటే వెలుతురు కొలత. మన ఇళ్ళల్లో దీపం వేసుకున్న గదిలో నూరో రెండు వందలో ఉంటుంది. చెట్టునీడన కూర్చున్నా కొన్ని వేలుంటుంది. నడినెత్తి ఎండలో లక్ష. మన కంటికి గదీ వాకిలీ రెండూ 'వెలుతురే' అనిపిస్తాయి గాని, ఆ లోపలి గడియారానికి అవి నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. మామూలు ఇంటి దీపం కూడా రాత్రివేళ కొంత పనిచేస్తుందని తర్వాతి పరిశోధనలు చూపించాయి. అయినా పగటిపూట ఎండకి సాటి వచ్చేది లేదు.

ఇప్పుడు ముసలితనం దగ్గరికి వద్దాం. వయసు మళ్ళితే నిద్ర పలచబడుతుంది, ముందుకి జరుగుతుంది. తొందరగా నిద్రొస్తుంది, తొందరగా మెలకువ వస్తుంది. కంట్లో కటకం పసుపుబారి వెలుతురుని లోపలికి రానివ్వదు. అంటే పడుచువాళ్ళకన్నా ముసలివాళ్ళకి ఎక్కువ ఎండ కావాలన్నమాట. పైగా 1985లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డిక్ స్వాబ్ అనే శాస్త్రవేత్త, పోయినవాళ్ళ మెదళ్ళని పరీక్షించి, ఆ గడియారపు గుంపులో కణాలు ఎనభై దాటినవాళ్ళల్లో తగ్గిపోతాయనీ, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళల్లో మరీ తగ్గుతాయనీ చూపించాడు. గడియారంలో స్ప్రింగు అరిగింది. అందుకే దానికి రోజూ తాళం తిప్పాలి. ఎక్కువ ఎండ కావలసిన వయసు అది. మనం ఇచ్చేది మూలగది.

ఇది నా ఊహ కాదు. అమెరికాలో శాన్‌డియేగోలో సోనియా ఆంకొలీ-ఇజ్రాయెల్ అనే ఆవిడ ఏళ్ళతరబడి ముసలివాళ్ళ ఆశ్రమాల్లోనే నిద్ర మీద పరిశోధన చేసింది. 1989లో ఆవిడ బృందం చెప్పింది వింటే మనసు చివుక్కుమంటుంది. ఆ ముసలివాళ్ళకి ఇరవైనాలుగు గంటల్లో నిండుగా ఒక గంటసేపు మెలకువ లేదట, నిండుగా ఒక గంటసేపు నిద్రా లేదట. పగలు కాస్త కునుకు, కాస్త మెలకువ, రాత్రీ అంతే. పగలూ రాత్రీ కలిసిపోయి, నీళ్ళు కలిపిన పాలలా అయిపోయాయన్నమాట.

వాళ్ళ చేతికి గడియారంలాంటి చిన్న యంత్రం కట్టి, కదలికల్నీ, మీద పడే వెలుతురునీ కొలిచారు. ఆ పరీక్షల్లో ఒకటి 2000లో అచ్చయింది. 66 మంది. పగటిపూట వాళ్ళు చూసిన వెలుతురు మధ్యస్థంగా 54 లక్సులు. వెయ్యి లక్సులు దాటిన వెలుతురులో గడిపింది రోజు మొత్తానికి పదిన్నర నిమిషాలు! మనం మేడమీద బట్టలారేసుకుని రావడానికి పట్టేపాటి సేపు. ఎక్కువ వెలుతురు చూసినవాళ్ళకి రాత్రిపూట మెలకువలు తక్కువని కూడా అందులో తేలింది.

రాత్రివేళ సంగతి కూడా కొందరు చూశారు. 1990ల్లో కాలిఫోర్నియాలో జాన్ ష్నెల్ అనే ఆయన బృందం ఆశ్రమాల్లో రాత్రంతా చప్పుళ్ళూ దీపాలూ లెక్కపెట్టింది. గుడ్డలు మార్చడానికి వచ్చేవాళ్ళ మాటలు, తలుపుల మోత, మొహంమీద పడే దీపం. ముసలివాళ్ళ మెలకువల్లో చాలావాటికి ముందు ఇలాంటివే ఉన్నాయట. పగలు చీకటి, రాత్రి దీపాలు! లోపలి గడియారం ఏది నమ్మాలి?

మరి ఇంతకాలం వీటికి మందేమిటంటే, మందే. 1903లో వెరొనాల్ అనే నిద్రమందు బజారుకొచ్చింది. 1963లో వేలియం వచ్చింది. ఒక గోళీతో వార్డంతా నిశ్శబ్దం. 1987లో వేన్ రే అనే అమెరికా పరిశోధకుడి బృందం, అరవై అయిదు దాటినవాళ్ళ లెక్కలు తీసి, ఒంట్లో చాలాసేపు నిలిచే నిద్రమాత్రలు వేసుకునేవాళ్ళల్లో తుంటి ఎముక విరగడం దాదాపు రెండింతలని చూపించింది. నిద్రమత్తులో లేచి తూలి పడటమేగా! అదే సంవత్సరం అమెరికా ప్రభుత్వం ముసలివాళ్ళ ఆశ్రమాలకి చట్టం చేసింది. వైద్యం కోసం తప్ప, క్రమశిక్షణ కోసమో సిబ్బంది సౌకర్యం కోసమో వాళ్ళని మంచానికి కట్టరాదు, మందులతోనూ కట్టరాదు. మందు కూడా ఒక రకం కట్టుతాడేనని చట్టంలోకెక్కింది. అది చదివినప్పుడు నా ఫోనూ, పొయ్యిమీద పప్పూ, నా 'అలాగేనండీ' గుర్తొచ్చాయి. ఆ తాడుకి ముడి వేసింది నేనే కదా.

ఇక నాకు ధైర్యం ఇచ్చిన కథ చెబుతాను. నెదర్లాండ్స్‌లో పన్నెండు ఆశ్రమాల్లో 189 మందితో మూడున్నరేళ్ళ దాకా ఒక పరీక్ష నడిపారు. సగటు వయసు దాదాపు 86. ఎక్కువమందికి మతిమరుపు జబ్బు. ఆరు ఆశ్రమాల్లో అందరూ కూర్చునే హాలు కప్పుకి దీపాలు పెంచి, పగలంతా సుమారు వెయ్యి లక్సుల వెలుతురు ఉంచారు. మిగతా ఆరింట్లో మూడు వందలే. 2008లో ఫలితాలు అచ్చయ్యాయి. వెలుతురు హాలు వాళ్ళల్లో తెలివి తగ్గడం కొంచెం నెమ్మదించింది, సుమారు అయిదు శాతం. దిగులు 19 శాతం తక్కువ. తమ పనులు తాము చేసుకునే శక్తి సన్నగిల్లే వేగం 53 శాతం తక్కువ! మెలటోనిన్ మాత్ర ఇచ్చినవాళ్ళు రాత్రి 27 నిమిషాలు ఎక్కువ నిద్రపోయారు. కాని మాత్ర ఒక్కటే ఇస్తే మనుషులు ముభావంగా అయిపోయారు. వెలుతురుతో కలిపి ఇస్తేనే ఆ చెడు కనిపించలేదు. నిద్ర కోసం రాత్రిని మరమ్మతు చెయ్యబోతే కుదరదు, పగటిని మరమ్మతు చెయ్యాలి. నేను ఇన్ని పుస్తకాల్లోంచి ఏరుకున్న గింజ ఇదొక్కటే.

అత్తయ్య అన్నదీ అదే కదూ? నిద్ర పట్టక కాదు, పొద్దు పోక!

పుస్తకాలు మూసి మేట్రన్‌గారి దగ్గరికి వెళ్ళాను. పోట్లాటకి కాదు. పోట్లాడే మొహం నాకు లేదు, మందుకి ఒప్పుకున్నది నేను. ముందు డాక్టరుగారిని కలిశాం. ఆయన మందు ఒక్కసారిగా మానకూడదన్నారు. కొద్దికొద్దిగా తగ్గిస్తూ కొన్ని వారాల్లో ఆపించారు. ఇది మీరందరూ గుర్తుంచుకోవాలి, ఈ వ్యాసం చదివి ఎవరి మాత్రలూ మీరు ఆపకండి! కంటి శుక్లం కూడా చూపించమన్నారు.

తర్వాత మూడు కోరికలు కోరాను. ఒకటి, పొద్దున కాఫీ మంచం దగ్గర కాకుండా తూర్పు వరండాలో ఇవ్వమని. రెండు, వంటగదికి వచ్చే ఆకుకూర బాగుచెయ్యడం అక్కడే, ఆ కుర్చీల దగ్గర పెట్టమని. మూడు, ఎనిమిదింటికి పడుకోనివాళ్ళ కోసం హాల్లో ఒక్క దీపం తొమ్మిదిన్నర దాకా ఉంచమని. మొదటి రెండూ వెంటనే ఒప్పుకున్నారు. మూడోదానికి మేట్రన్‌గారు తల అడ్డంగా ఊపారు.

"రాత్రి ఆయమ్మ ఒక్కతేనండీ. హాల్లో ఒకరు, గదిలో ఒకరు ఉంటే ఎవరిని చూస్తుంది?" అన్నారు.

నిజమే. వారానికి నాలుగు రోజులు మేం బంధువులమే వంతులవారీగా వచ్చి కూర్చుంటామన్నాక సరేనన్నారు. ఇప్పుడు మేం అయిదుగురం. మా మంగళవారం వంతు వస్తే మా ఇంట్లో రాత్రి వంట మావారిదే. అదొక లాభం.

అద్భుతం జరిగిందని చెప్పను. అత్తయ్య మోకాళ్ళు అలాగే ఉన్నాయి. కొన్ని పేర్లు మర్చిపోతోంది. రాత్రి పడుకునేసరికి తొమ్మిదిన్నర, మెలకువ వచ్చేసరికి మూడున్నర. కాని ఇప్పుడు ఆ మెలకువకి జబ్బని పేరు లేదు. "నాలుగో జామయిందిలే" అనుకుని, మంచంమీదే కూర్చుని గోవింద నామాలు చదువుకుంటుంది, తెల్లబడేదాకా. రిపోర్టులో రాయడం మానేశారు. తోటకూర కాడలు తుంచేటప్పుడు మాత్రం వరండాలో ఆరుగురు ముసలమ్మలు ఒకరి మాట ఒకరు వినకుండా మాట్లాడుకుంటున్నారు.

మన దేశంలో 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. ప్రతి జిల్లాలోనూ కనీసం నూట యాభైమందికి సరిపడే వృద్ధాశ్రమం ఉండేలా ప్రభుత్వం చూడవచ్చునని అందులో రాశారు. మంచాలు పెరుగుతాయి, పెరగాలి కూడా. మనలో చాలామందికి ఎప్పుడో అప్పుడు, ముందు పెద్దవాళ్ళ కోసం, తర్వాత మన కోసం, అలాంటి గుమ్మం ఎక్కే రోజు వస్తుంది. అప్పుడు గదులు చూస్తాం, బాత్రూం చూస్తాం, నెలకెంతో అడుగుతాం, భోజనం రుచి చూస్తాం. మంచిదే. దాంతోపాటు ఇంకో రెండు ప్రశ్నలు అడగండి: "పొద్దున ఎండ ఎక్కడ పడుతుందండీ? రాత్రి దీపాలు ఎన్నింటికి ఆర్పుతారు?"

ఫోనులో ఎవరైనా "మందు రాయించమంటారా" అనడిగితే, పొయ్యి కట్టేసి, కూరగాయలబ్బాయిని కాసేపు నిలబడమని, "పగలు ఏం చేస్తున్నారండీ ఆవిడ?" అని అడగండి. నేను అడగలేదు.